కరెంటు వచ్చినా స్క్రిప్టు ఎందుకు లేవడం లేదు: చీనీ తోట షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై

ప్రశ్న: నార్పల దగ్గర మా చీనీ (బత్తాయి) తోటలో బోరు షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు పెట్టాను, దాన్నే 'పై' అంటాను. మీటరు నుంచి యూఎస్‌బీ కేబులు మీద నిమిషానికోసారి రీడింగ్ తీసుకుని, పెన్‌డ్రైవ్‌లో రాసి, సిమ్ రూటరు మీద సర్వరుకు పంపే పైథాన్ స్క్రిప్టు రాశాను. చేత్తో నడిపితే బాగానే నడుస్తుంది. బూట్ కాగానే దాన్ని నడపమని, పనులను వేళకు నడిపే క్రాన్‌లో @రీబూట్ లైను పెట్టాను, అది సరిగా లేవట్లేదని బూట్‌లో నడిచే ఆర్‌సీ.లోకల్ ఫైలులో కూడా పెట్టాను. నేను రీబూట్ కొడితే ఒక్కోసారి లేస్తుంది. పొద్దున కరెంటు వచ్చినప్పుడు మాత్రం లేవదు. రోజూ తోటకు పోయి చేత్తో స్టార్ట్ చేయాల్సి వస్తోంది. ఎక్కడ చూడాలి అన్నా?

జవాబు:

తమ్ముడూ, జవాబు సగం నీ ప్రశ్నలోనే ఉంది. రీబూట్ కొడితే ఒక్కోసారి లేస్తుంది, కరెంటు పోయి వస్తే లేవదు అన్నావు చూడు, ఆ తేడాను పట్టుకో. నువ్వు రీబూట్ కొట్టినప్పుడు పై ఒక్కటే ఆగి లేస్తుంది. పక్కనున్న రూటరు ఆన్‌లోనే ఉంటుంది, సిమ్ నెట్‌వర్క్ మీదే ఉంటుంది. పొద్దున కరెంటు వచ్చినప్పుడు రెండూ ఒకేసారి లేస్తాయి. పై అర నిమిషంలో లేచి నీ స్క్రిప్టును పిలుస్తుంది. రూటరు టవరును పట్టుకుని నెట్ ఇచ్చేసరికి రెండు నిమిషాలు పడుతుంది. స్క్రిప్టు సర్వరుకు కనెక్టు కావాలని చూసి, కాలేక, ఎర్రర్ కొట్టి చచ్చిపోతుంది. దాన్ని మళ్లీ లేపేవాళ్లు లేరు. నా అంచనా ఇది. అంచనా మీద పని మొదలుపెట్టకూడదు కాబట్టి ముందు ఇది నిజమో కాదో తేల్చుకుందాం.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకో.

మొదటి పని, రెండు చోట్ల పెట్టిన దాన్ని ఒక చోట తీసెయ్. క్రాన్ ఒక కాపీని, ఆర్‌సీ.లోకల్ ఇంకో కాపీని లేపిన రోజున రెండూ ఒకే సీరియల్ పోర్టు నుంచి చదువుతాయి. మీటరు జవాబులో సగం ఒకదానికి, సగం ఇంకోదానికి పోతుంది. అప్పుడు నీకు కనిపించేది స్టార్టప్ సమస్య కాదు, తప్పు రీడింగులు. నిజానికి ఆ రెండూ తీసేయమనే చెబుతాను. కారణం తర్వాత చెబుతాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. స్క్రిప్టు మొదలే కాలేదా, మొదలై చచ్చిపోయిందా? ఇరవై ఏళ్లుగా లినక్స్ మెషీన్లు చూస్తున్నాను. బూట్‌లో స్క్రిప్టు నడవలేదని వచ్చినవాళ్లలో చాలామంది ఈ రెండింటినీ విడదీయకుండానే స్క్రిప్టును మార్చడం మొదలుపెడతారు. మొదలే కాకపోతే నీ పైథాన్ కోడును ఎన్నిసార్లు దిద్దినా ఉపయోగం లేదు. మొదలై చచ్చిపోతే క్రాన్ లైనును ఎంత మార్చినా లాభం లేదు.

దీన్ని తేల్చేది లాగు, అంటే ఏం జరిగిందో మెషీన్ రాసుకునే చిట్టా. క్రాన్‌తో వచ్చే ఇబ్బంది ఇక్కడే. క్రాన్ నడిపిన స్క్రిప్టు ఏదైనా ప్రింట్ చేస్తే, ఎర్రర్ ఇస్తే, దాన్ని మెయిల్‌లో పంపాలని చూస్తుంది. పైలో మెయిల్ సర్వర్ ఉండదు కదా. అప్పుడు సిస్టమ్ లాగులో 'నో ఎంటీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్' అని ఒక లైను రాసి, నీ ఎర్రర్ మొత్తాన్ని పారేస్తుంది. నీకు కావాల్సిన సమాచారం రోజూ అలాగే పోతోంది. ఈ ఒక్క పొద్దుకూ క్రాన్‌తోనే చూడాలంటే, ఆ లైను చివర >> /హోమ్/పై/బూట్.లాగ్ 2>&1 అని చేర్చు. మామూలు ప్రింట్లూ ఎర్రర్లూ రెండూ ఆ ఫైలులో పడతాయి. ఇంకొక మాట, క్రాన్ లైనులో శాతం గుర్తు ఉంటే దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది. ఫైలు పేరులో తేదీ పెట్టడానికి డేట్ కమాండ్ వాడి ఉంటే, శాతం ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే ఆ లైను అక్కడితో తెగిపోతుంది.

లాగు చేతికొచ్చాక ఏం వెతకాలి? నువ్వు లాగిన్ అయి నడిపినప్పుడు నీ వెంట చాలా వస్తాయి. నీ పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా), నీ ఫోల్డరు, నువ్వు యాక్టివేట్ చేసుకున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే పైథాన్ ఫోల్డరు, పొట్టిగా వీఎన్‌వీ), నీ బ్యాష్‌ఆర్‌సీలో రాసుకున్న వేరియబుల్స్. బూట్‌లో ఇవేవీ ఉండవు. డెబియన్‌లో (పై ఓఎస్‌కు మూలం అదే) క్రాన్‌కు తెలిసిన పాత్ /యూఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే. కమాండ్లను నడిపే షెల్లు కూడా నువ్వు లాగిన్‌లో వాడే బ్యాష్ కాదు, /బిన్/ఎస్‌హెచ్, అంటే డ్యాష్. బ్యాష్‌లో మాత్రమే నడిచే జంట బ్రాకెట్ల షరతులు అక్కడ చెల్లవు.

నెట్ సంగతి తర్వాత, నీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ మీద. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా లైబ్రరీ ఎక్కించబోతే ఒప్పుకోదు, అందుకే అందరూ వీఎన్‌వీ చేసుకుంటున్నారు. చేత్తో నడిపేముందు నువ్వు సోర్స్ యాక్టివేట్ కొట్టి ఉంటావు, అది అలవాటై గుర్తు కూడా ఉండదు. బూట్‌లో ఆ పని చేసేవాళ్లు లేరు. సిస్టమ్ పైథాన్ లేచి, సీరియల్ లైబ్రరీ కనిపించక 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అని ఆగిపోతుంది. దీనికి యాక్టివేట్ అక్కర్లేదు. ఆ వీఎన్‌వీ ఫోల్డరులో బిన్ కింద ఉన్న పైథాన్‌నే పూర్తి దారితో పిలిస్తే చాలు, తన లైబ్రరీలు తనే చూసుకుంటుంది. అయితే ఇదొక్కటే కారణమైతే నువ్వు రీబూట్ కొట్టినప్పుడు కూడా ఎప్పుడూ లేవకూడదు. ఒక్కోసారి లేస్తోందంటే టైమింగ్ సమస్య కచ్చితంగా ఉంది. ఆర్‌సీ.లోకల్‌లో ఒక రకంగా, క్రాన్‌లో ఇంకో రకంగా రాసి ఉంటే రెండు సమస్యలూ కలిసి ఉండొచ్చు.

ఆర్‌సీ.లోకల్ గురించి. పాత కాలంలో అందరం అదే వాడేవాళ్లం. 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 సిస్టమ్‌డీకి (బూట్‌లో సర్వీసులను లేపి చూసుకునే ప్రోగ్రామ్) మారాక దాని పని అయిపోయింది. పాత పద్ధతి చెడిపోకుండా ఆ ఫైలు ఉండి, దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉంటే సిస్టమ్‌డీ నడుపుతుంది. పర్మిషన్ లేకపోతే ఎర్రర్ ఏమీ ఇవ్వకుండా వదిలేస్తుంది. ఇంకో చిక్కు దాని మొదటి లైనులో ఉంది. డెబియన్ ఇచ్చే పాత ఫైలు /బిన్/ఎస్‌హెచ్ -ఈ తో మొదలవుతుంది. ఆ -ఈ అంటే ఏ ఒక్క కమాండు ఫెయిలైనా మిగతావన్నీ అక్కడే ఆపేయమని. చివర ఎగ్జిట్ 0 ఉంటుంది, దాని కింద రాసింది ఎప్పటికీ నడవదు. కర్నూలులో ఒక ఆఫీసు సర్వరులో ఇలాగే జరిగింది. ఆర్‌సీ.లోకల్‌లో ఏడెనిమిది లైన్లు ఉన్నాయి, ఆఖరిది బ్యాకప్. పైన ఎవరో తీసేసిన పాత ప్రింటరు కోసం ఒక లైను ఉంది. ప్రింటరు పోయాక ఆ లైను ఫెయిలవడం మొదలైంది, దాంతో కింద ఉన్న బ్యాకప్ నడవడం మానేసింది. డిస్కు పోయిన రోజున చూసుకుంటే నాలుగు నెలల లెక్కలు లేవు. ఆ రోజు ఆ అకౌంటెంటు ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి ఎవరు ఆర్‌సీ.లోకల్ అన్నా మానేయమనే చెబుతున్నాను.

కాబట్టి నీ స్క్రిప్టును సిస్టమ్‌డీ సర్వీసుగా మార్చు. పది నిమిషాల పని. /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్/ కింద మీటర్.సర్వీస్ అని ఫైలు చేసి ఇలా రాయి:

[యూనిట్]
వాంట్స్=నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్
ఆఫ్టర్=నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్
రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/ఎంఎన్‌టీ/పెన్

[సర్వీస్]
యూజర్=పై
వర్కింగ్‌డైరెక్టరీ=/హోమ్/పై/తోట
ఎన్విరాన్‌మెంట్=పైథాన్‌అన్‌బఫర్డ్=1
ఎగ్జెక్‌స్టార్ట్=/హోమ్/పై/తోట/వీఎన్‌వీ/బిన్/పైథాన్ /హోమ్/పై/తోట/మీటర్.పీవై
రీస్టార్ట్=ఆల్వేస్
రీస్టార్ట్‌సెక్=30

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్

ఇందులో ఒక్కో లైను వెనకా ఒక్కో రకం బాధ ఉంది. వర్కింగ్‌డైరెక్టరీ లేకపోతే సర్వీసు '/' ఫోల్డరులో నిలబడి నడుస్తుంది. నీ కోడులో కాన్ఫిగ్ ఫైలును ఉత్త పేరుతో తెరిచి ఉంటే అది దొరకదు. పైథాన్‌అన్‌బఫర్డ్ లేకపోతే నువ్వు పెట్టిన ప్రింట్లు పైథాన్ దగ్గరే పేరుకుని, లాగులోకి గంటల తరబడి రావు. స్క్రిప్టు నడుస్తూనే ఉన్నా నడవట్లేదనుకుంటావు. ఎగ్జెక్‌స్టార్ట్ చివర & గుర్తు పెట్టొద్దు, షెల్ ఫైలులో పెట్టి అక్కడ & పెట్టడం కూడా వద్దు. అసలు ప్రాసెస్ ముగిసిందని చూడగానే సిస్టమ్‌డీ దాని వెనక మిగిలిన వాటన్నిటినీ చంపేస్తుంది.

రీస్టార్ట్ లైన్ల దగ్గర కాస్త ఆగు, నీ సమస్యకు అసలు మందు అదే. నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ పెట్టాం కదా, ఇక నెట్ వచ్చాకే లేస్తుందిలే అనుకోవద్దు. దాని అర్థం రాస్ప్‌బెర్రీ పైకి ఐపీ అడ్రసు వచ్చింది అని, అంతే. రూటరు లేవగానే వైఫై ఇస్తుంది, ఐపీ ఇస్తుంది, ఇంటర్నెట్ మాత్రం సిమ్ టవరుకు తగులుకున్నాకే వస్తుంది. పైగా ఆ వెయిట్ కూడా ఎంతసేపో ఉండదు, గడువు దాటితే ఫెయిలై ముందుకు పోతుంది. వాంట్స్ లేకుండా ఆఫ్టర్ ఒక్కటే రాస్తే ఆ టార్గెట్టును ఎవరూ పిలవకపోవచ్చు, అప్పుడు ఆగడం అనేదే ఉండదు. చాలామంది నెట్‌వర్క్.టార్గెట్ అని రాసి అదే చాలనుకుంటారు. అది నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ మొదలైంది అనే చెబుతుంది, కనెక్షన్ ఉందని కాదు.

అందుకే ఫెయిలైతే 30 సెకన్లు ఆగి మళ్లీ లేపమని చెబుతున్నాం. ఆ 30 ఎందుకంటే, రీస్టార్ట్ మాత్రం పెట్టి సెకన్లు రాయకపోతే 100 మిల్లీసెకన్లకే మళ్లీ లేపుతుంది. పది సెకన్లలో ఐదుసార్లు లేచి పడితే సిస్టమ్‌డీ 'స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ' అని చెప్పి శాశ్వతంగా చేతులెత్తేస్తుంది. రూటరు ఇంకా లేవకముందే ఆ ఐదు అవకాశాలూ అయిపోతాయి. రీస్టార్ట్ పెట్టాను, అయినా లేవట్లేదు అని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు.

స్లీప్ 120 పెడితే సరిపోదా అని నువ్వు అడుగుతావని తెలుసు. ఎక్కడ వెతికినా ముందు కనిపించే సలహా అదే. పెట్టొద్దు. ఈ రోజు రెండు నిమిషాల్లో లేచిన రూటరు వాన పడిన రోజు ఐదు నిమిషాలు తీసుకుంటుంది. నెట్ వెంటనే వచ్చిన రోజున రెండు నిమిషాల రీడింగు ఊరికే పోతుంది. ఇంకా మంచి పద్ధతి నీ కోడులోనే ఉంది. రీడింగు తీయడం, సర్వరుకు పంపడం ఈ రెండు పనులనూ విడదీయి. నెట్ ఉన్నా లేకున్నా రీడింగు ముందు పెన్‌డ్రైవ్‌లో పడాలి. పంపడం కుదరకపోతే పక్కన పెట్టి, నెట్ వచ్చాక మిగిలినవన్నీ పంపాలి. మన అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ. బోరు ఎన్ని గంటలు నీళ్లు పోసింది, ఏ వారం నుంచి తగ్గుతూ వచ్చింది అనే లెక్క నీకు ఎంత విలువైనదో నేను చెప్పనక్కర్లేదు. టవరు లేదని ఆ లెక్క పోకూడదు.

నువ్వు అడగలేదు గానీ టైము సంగతి కూడా చెప్పాలి. పై 4లో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోయి వచ్చాక అది చివరిగా దాచుకున్న టైము నుంచి లెక్క మొదలుపెడుతుంది. సాయంత్రం కరెంటు పోయి పొద్దున వస్తే, నెట్ దొరికి టైము సరిచేసుకునేదాకా పైకి అది ఇంకా నిన్నటి సాయంత్రమే. ఆ మధ్యలో రాసిన రీడింగులన్నీ నిన్నటి తేదీతో పడతాయి. ఒక్కసారిగా టైము ముందుకు దూకితే, మోటరు రాత్రంతా నడిచినట్టు నీ లెక్క చూపిస్తుంది. టైము మరీ వెనకబడి ఉంటే సర్వరు సర్టిఫికెట్ 'ఇంకా చెల్లదు' అని హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ కూడా తెగిపోతుంది. నెట్ ఉంది, స్క్రిప్టు ఉంది, అయినా పోవట్లేదు అని తల పట్టుకుంటాం.

దీనికి నా సలహా డీఎస్3231 అనే చిన్న గడియారం బోర్డు కొని పిన్నులకు తగిలించడం. కాయిన్ సెల్ మీద నడుస్తుంది, ఖరీదు పెద్దది కాదు. అది కుదరకపోతే సిస్టమ్‌డీ-టైమ్-వెయిట్-సింక్ సర్వీసును ఎనేబుల్ చేసి, ఆఫ్టర్ లైనులో టైమ్-సింక్.టార్గెట్ చేర్చు. కానీ అప్పుడు నెట్ వచ్చేదాకా స్క్రిప్టు లేవనే లేవదు, ఇందాక చెప్పిన దానికి ఇది విరుద్ధం. బోర్డే మేలు. మోటరు ఎంతసేపు నడిచిందో కొలిచేచోట మాత్రం టైమ్.టైమ్ కాకుండా టైమ్.మోనోటోనిక్ వాడు, గడియారం దూకినా అది దూకదు.

పెన్‌డ్రైవ్. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డ్రైవ్‌ను ఏ ఫోల్డరుకు తగిలించాలో, అంటే మౌంట్ చేయాలో, చెప్పే ఫైలు) దాని లైను ఉందా? ఉంటే యూయూఐడీతో (ఆ డ్రైవ్‌కు ఉన్న ప్రత్యేక గుర్తింపు నంబరు) రాయి, ఆప్షన్లలో నోఫెయిల్ తప్పకుండా చేర్చు. నోఫెయిల్ లేకపోతే, పెన్‌డ్రైవ్ ఊడి ఉన్న రోజున పై 90 సెకన్లు దానికోసం చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. దూరం నుంచి లాగిన్ కావడానికి ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఉండదు, మానిటర్ తీసుకుని తోటకు పోవాల్సిందే. పైన రాసిన రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ లైను, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పెన్‌డ్రైవ్ లైను ఉంటే, మౌంట్ కాకుండా స్క్రిప్టు లేవకుండా ఆపుతుంది. అది లేకపోతే స్క్రిప్టు హాయిగా లేచి, ఖాళీ ఫోల్డరులో, అంటే ఎస్‌డీ కార్డు మీద రాసుకుంటూ పోతుంది. తర్వాత పెన్‌డ్రైవ్ మౌంట్ అయ్యాక ఆ ఫైళ్లు దాని కింద దాగిపోతాయి. డేటా మాయమైంది అనుకుంటాం, అక్కడే ఉంటుంది.

సీరియల్ పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 అని కోడులో రాసి ఉంటే మార్చు. ఇంకో యూఎస్‌బీ డాంగిల్ ముందుగా లేచిన రోజున నీది 1 అవుతుంది. /డెవ్/సీరియల్/బై-ఐడీ/ కింద ఉన్న పేరు వాడు, అది మారదు. ఒకే రకం చవక కేబుళ్లు రెండు ఉంటే వాటికి వేరే వేరే సీరియల్ నంబర్లు లేకపోవచ్చు, అప్పుడు బై-పాత్ వాడి, ఏ సాకెట్టులో ఏది పెట్టావో స్టిక్కరు అంటించు. 'పై' అనే యూజరు డయల్‌అవుట్ గ్రూపులో (సీరియల్ పోర్టు వాడే అనుమతి దానికే) ఉన్నాడో లేదో కూడా చూడు.

ఫైలు రాశాక సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, ఆ తర్వాత సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ మీటర్. స్టార్ట్ వేరు, ఎనేబుల్ వేరు. స్టార్ట్ ఇప్పుడు నడుపుతుంది, ఎనేబుల్ చేస్తేనే రేపు బూట్‌లో లేస్తుంది. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ మీటర్ చూడు. అక్కడ కనిపించే నంబరు చాలా చెబుతుంది. 203 అయితే ఆ ఫైలును నడపలేకపోయింది: దారి తప్పు, లేదా పర్మిషన్ లేదు, లేదా మొదటి లైను తప్పు. 200 అయితే వర్కింగ్‌డైరెక్టరీ లేదు. 217 అయితే ఆ పేరుతో యూజరు లేడు. 1 అయితే సంతోషించు, స్క్రిప్టు మొదలైంది, లోపల ఏదో ఎర్రర్ వచ్చింది, అదేమిటో జర్నల్‌సీటీఎల్ -బీ -యూ మీటర్ లో పూర్తిగా ఉంటుంది. విండోస్‌లో నోట్‌ప్యాడ్‌తో రాసిన షెల్ ఫైలు ఏదైనా మధ్యలో ఉంటే, లైను చివర కనిపించని అక్షరం వల్ల కూడా 203 వస్తుంది, డాస్2యూనిక్స్ కొడితే పోతుంది.

జర్నల్, అంటే సిస్టమ్‌డీ రాసే లాగు, నిన్నటి బూట్‌ది కూడా దాచుకోవాలంటే డిస్కు మీద ఉండాలి. /వార్/లాగ్/జర్నల్ ఫోల్డరు లేకపోతే అంతా ర్యామ్‌లోనే ఉండి కరెంటుతో పాటే పోతుంది. ఆ ఫోల్డరు చేసి, జర్నల్‌డీ కాన్ఫిగ్‌లో స్టోరేజ్=పర్‌సిస్టెంట్ అని రాసి, ఒకసారి రీబూట్ చెయ్. అప్పుడు జర్నల్‌సీటీఎల్ -బీ -1 అంటే ముందటి బూట్ కథంతా వస్తుంది.

పరీక్ష మాత్రం సుడో రీబూట్‌తో చేయొద్దు. రూటరు ఆన్‌లో ఉండగా చేసే రీబూట్ నీకు అబద్ధం చెబుతుంది, ఇన్నాళ్లూ చెప్పింది అదే. ముందు సుడో పవర్‌ఆఫ్ కొట్టి, పై పూర్తిగా ఆగాక, పై, రూటరు రెండూ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు స్విచ్ తీసి, ఒక నిమిషం ఆగి వెయ్యి. రెండోసారి రూటరు ప్లగ్ తీసేసి పై ఒక్కదాన్నే లేపు, ఐదు నిమిషాలకు రూటరు పెట్టు. మూడోసారి పెన్‌డ్రైవ్ లేకుండా లేపు, అప్పుడు పై మామూలుగా లేవాలి, స్క్రిప్టు మాత్రం ఆగి ఉండాలి. ఈ మూడూ దాటితే కరెంటు ఎప్పుడు వచ్చినా భయం లేదు. ఇక రోజూ సాయంత్రం కరెంటు చటుక్కున పోవడం ఎస్‌డీ కార్డుకు మంచిది కాదు, రూటరుకు వాడే చిన్న యూపీఎస్‌లలో పైకి సరిపడా 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చేది చూసి పెట్టుకో.

ఈ సాయంత్రం సర్వీసు ఫైలు పెట్టి, క్రాన్, ఆర్‌సీ.లోకల్ రెండింటిలోనూ పాత లైన్లు తీసెయ్. రేపు పొద్దున కరెంటు వచ్చాక పది నిమిషాలు దాన్ని ముట్టుకోకు. తర్వాత స్టేటస్ మీటర్, జర్నల్‌సీటీఎల్ -బీ -యూ మీటర్, టైమ్‌డేట్‌సీటీఎల్ ఈ మూడింటి అవుట్‌పుట్ మొత్తం, మధ్యలో ఏమీ కత్తిరించకుండా పంపు. ఎన్నిసార్లు పడి లేచిందో, ఏ సెకనుకు నెట్ దొరికిందో అందులో కనిపిస్తుంది. దాన్ని చూసి మిగతాది చెబుతాను.